బోర్లా వేసిన బండ

ఖిలా వరంగల్
1979 ఆషాఢం, గురువారం రాత్రి



పొద్దుటి వానకు పెరట్లో మట్టి కుంగి, బట్టలుతికే పెద్ద బండ పక్కకు ఒరిగింది. సరిచేద్దామని ఆయన గడ్డపారతో లేపితే అడుగున ఒక ముఖం కనిపించింది. నీళ్లు పోసి కడిగాం. అమ్మవారు! కోటలో పడి ఉన్న విగ్రహాలకు ముక్కులే లేవు. ఈమెకు పెదవుల మీది నవ్వు కూడా చెదరలేదు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను ఆమె వీపు మీద నిలబడి బట్టలు ఉతుకుతున్నాను. ఇప్పుడు నాకు అయిదో నెల.

ఆయన భయం వేరు. "సర్కారోళ్లు చూస్తే ఇల్లు గూడ తవ్వుతరు, జల్ది మూయాలె" అంటూ బండను మళ్లీ బోర్లా వేసేశాడు.

అత్తమ్మ మాత్రం కంగారు పడలేదు. "నాకెరికే బిడ్డా. మీ మామ కూలిన గుడి కాడికెల్లి బండి మీద తెచ్చిననాడే బోర్లేసిండు. గిప్పుడేం ఫికర్ జేస్తవ్" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. అత్తమ్మ ఆ బండ ఎక్కగా నేనెన్నడూ చూడలేదు. నేను పుట్టింట్లో ఉన్న రోజుల్లో కూడా బావి పక్కన చిన్న రాయి మీదే ఉతికిందని ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. పెద్ద బండను ప్రేమకొద్దీ నాకు వదిలిందనుకున్నాను.

ఎందుకెక్కలేదని అడగడానికి నోరు రాలేదు. ఆమె ఏం చెబుతుందోనని భయం.

రేపు ఆ బండ మీదే ఉతకాల్సిన బట్టలు బకెట్లో నానుతున్నాయి. పడుకోబోయే ముందు అత్తమ్మ తన చీర కూడా తెచ్చి అందులో ముంచి వెళ్లింది.