డాడీకి లెగ్ పీస్

ఆదివారం, రాత్రి

ఈ రోజు కోదాడ వెళ్లి నా కూతురు చిన్నిని హోటల్‌కు తీసుకెళ్లాను. విడాకులయ్యాక నెలకు ఒక పూటే అది నా దగ్గరుంటుంది. సుజాత మళ్లీ పెళ్లి చేసుకున్నాక మేం కలవడం ఇదే మొదటిసారి.

చికెన్ బిర్యానీ చెప్పాను. రెండు లెగ్ పీసులూ దాని ప్లేట్లోనే వేశాను. ఒకటి తిని, రెండోది పక్కకు జరిపింది.

"నాన్నా, ఇది ప్యాక్ చేపిస్తవా? డాడీకి ఇష్టం."

డాడీ అంటే ఎవరో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆయన మంచిగ సూసుకుంటడా బిడ్డా?"

"ఊఁ. పొద్దున్నే లేసి నాకు బాక్స్ ఆయనే కడతడు. నిన్న టమాట పప్పు పెట్టిండు."

సంతోషించాలి కదా. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. దాని బాక్సులో ఏముందో నేను ఒక్కరోజు కూడా మూత తీసి చూడలేదు. నీళ్లు తాగి, ఎంగిలి ముక్క ఎందుకని ఆయనకు వేరే బిర్యానీ పార్సిల్ చెప్పాను. లెగ్ పీస్ తప్పకుండా వేయమన్నాను.

వాళ్ల ఇంటి దగ్గర తలుపు ఆయనే తీశాడు. చిన్ని నా చెయ్యి వదిలి లోపలికి పరుగెత్తింది. ఆయనకు పార్సిల్ అందించాను.

"వేడి మీదనే తినండి అన్నా" అన్నాను.