గోధుమరంగు తేలింది

పిన్నీ, ముందు భయం వదిలెయ్, నీ రొమ్ములో గడ్డ మాత్రలకు లొంగే రకమే.

పరీక్షకని నీ గడ్డలోంచి తీసిన ముక్క మా ల్యాబుకే వచ్చింది, రంగు పెట్టింది నేనే. గోధుమరంగు తేలిందంటే, హార్మోను వచ్చి మీట నొక్కితేనే ఆ గడ్డలో జన్యువులు పనిచేస్తున్నాయన్నమాట. మాత్రలు ఆ మీటను నొక్కనివ్వవు. తీరా మొదటిసారి మైక్రోస్కోపులో చూస్తే అంతా నీలమే. ఇక మాత్రలకు లొంగదనుకున్నాను. మా మేడం వచ్చి, "పక్క స్లైడు చూశావా అమ్మాయ్?" అన్నారు. గోధుమరంగు వచ్చి తీరుతుందని ముందే తెలిసిన వేరేవాళ్ల పాత ముక్కనొకటి ప్రతిసారీ పక్కన పెడతాం. అదీ నీలమే. అంటే తప్పు నీ గడ్డది కాదు, నాది. కంగారులో గోధుమరంగు పట్టించే మందు చుక్క వెయ్యడమే మరిచాను. చేసిన తప్పుకు ఇంత సంబరపడ్డది నేనొక్కదాన్నే అయ్యుంటాను. మళ్లీ చేస్తే రెండు స్లైడ్ల నిండా గోధుమరంగే. డాక్టరుగారు చెప్పినప్పుడు కొత్తగా విన్నట్టు మొహం పెట్టు.

బాబాయి సరిగ్గా తింటున్నాడా? ఇక హాయిగా నిద్రపొమ్మను. నాకింకెందుకని కుట్టుమిషను పక్కింటావిడకు ఇచ్చేశావట. వెళ్లి వెనక్కి తెచ్చుకో. నా చొక్కాకు రెండో చెయ్యి కుట్టాల్సింది నువ్వే.

నీ అక్క కూతురు