మా ఆయన్ని జట్టులోంచి తీసెయ్యండి

కార్మికుల ఆటల క్లబ్బు కార్యదర్శిగారికి,

నమస్కారాలు. నేను లేతు మిషను మీద పనిచేసే ఆయన భార్యని. క్వార్టర్లలో రెండో వరస, చివరి ఇల్లు. ఎదురుపడి చెప్పడానికి నోరు రాక, ఉత్తరం రాసి మీ క్లబ్బు గోడకున్న పెట్టెలో వేస్తున్నాను.

మా ఆయన పని దిగగానే వాలీబాల్ ఆడటానికి మీ దగ్గరికి వస్తారు. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. కాళ్ళు కడుక్కుని, తిని, గోడవైపు తిరిగి పడుకుంటారు. మా పెళ్ళయి ఏడు నెలలు. ఈ ఊళ్ళో నాకు తెలిసిన మనిషి ఆయనొక్కరే. పగలంతా గోడ గడియారంతో మాట్లాడుకుంటున్నాను. అదైనా గంటకోసారి బదులిస్తుంది.

కాబట్టి ఆయన్ని జట్టులోంచి తీసెయ్యండి. కాసేపు నాతో నాలుగు మాటలు మాట్లాడితే చాలు. వంక ఏదో మీరే చూడండి. నేను అడిగానని మాత్రం చెప్పకండి.

ఇట్లు,
చివరి ఇంటి ఆమె

తా.క. నేను అయిదు దాకానే చదివాను. తప్పులుంటే దిద్దుకోండి.
తా.క. ఆయన మరీ బాగా ఆడతారనుకుంటే రోజు విడిచి రోజు తీసెయ్యండి.

* * *

చివరి ఇంటి శ్రీమతిగారికి,

మీ దరఖాస్తు అందింది. నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ స్టోర్సు గుమాస్తాని. పాత బల్బు అప్పగించనిదే ఎవరికీ కొత్త బల్బు ఇచ్చిన పాపాన పోలేదు. క్లబ్బునీ అలాగే నడుపుతున్నాను. మా నిబంధన ప్రకారం జట్టులో చోటు మనిషిది కాదు, ఇంటిది. ఒకరు దిగితే అదే ఇంటినుంచి మరొకరు రావాలి. మీ ఇంట్లో ఉన్నది ఇద్దరే కనుక వెతుక్కునే శ్రమ తప్పింది. మీవారి పేరు కొట్టేసి ఆ చోటు మీకు రాశాను. ఆడవాళ్ళ జట్టులో ఒక మనిషి తక్కువైంది కూడా. వార్షికోత్సవం పోటీ మూడు వారాల్లో ఉంది.

మీరు కోరినట్టే మీవారికి కారణం చెప్పలేదు.

విధేయుడు,
కార్యదర్శి

తా.క. బూట్లు తెప్పించాలి. పాదం కొలత పంపండి.

* * *

కార్యదర్శిగారికి నమస్కరించి,

కొంప మునిగిందండీ. కుళాయి దగ్గర ముగ్గురాడవాళ్ళు కనిపిస్తే, వాళ్ళు వెళ్ళేదాకా బిందె పట్టుకుని తలుపు చాటున నిలబడేదాన్ని నేను. నన్ను పదిమందిలో గెంతమంటారా?

ఆయన పెందలాడే వస్తున్నారు, నిజమే. వచ్చి కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నారు. నేను మనిషిని అడిగితే ఇంట్లోకి ఇంకో కుర్చీ వచ్చినట్టయింది. నిన్న నోరు విప్పారు కదా అని సంతోషపడేలోగా, తన చోట్లో దూరిన వెధవ ఎవడో తెలిస్తే వాడి కాళ్ళు విరగ్గొడతానన్నారు. నేను నా కాళ్ళకేసి చూసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆయన్ని మళ్ళీ చేర్చుకోండి. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
చివరి ఇంటి ఆమె

తా.క. పెద్దవారు అడిగారు కదా అని ఈ కాగితం వెనక పాదం పెట్టి గీశాను. అది ఒప్పుకున్నట్టు కాదు.

* * *

అమ్మా,

పాదం అందింది. మా రికార్డులో సంతకం కంటే పాదం గట్టిది. సంతకమైతే ఇంకొకరు పెట్టగలరు. బూట్లు పాలావిడ చేత పంపుతున్నాను.

మీవారిని తిరిగి తీసుకోవాలంటే మీరు రాజీనామా చెయ్యాలి. అందుకు కనీసం ఒక్క ఆట ఆడి ఉండాలి. వాడని సరుకుని అరిగిపోయిందని ఎలా రాసుకుంటాను? సాధన రోజూ సాయంత్రం అయిదింటికి, క్యాంటీను వెనక. నేర్పేది క్యాంటీను వంటామె.

మీవారు నన్ను రెండుసార్లు నిలదీశారు. మాట ఇచ్చాను కనుక పెదవి విప్పలేదు. ఆయన రంగుల మేస్త్రీని అనుమానించి అతనితో మాట్లాడటం మానేశారు. ఎందుకో ఆ మేస్త్రీకి తెలియదు పాపం.

విధేయుడు,
కార్యదర్శి

తా.క. బూట్లు ఒక సైజు పెద్దవి. వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకోండి.

* * *

బాబాయిగారికి,

ఇలా పిలవచ్చో లేదో తెలియదు. రాజీనామా కాగితం కొంగున ముడేసుకుని మంగళవారం సాధనకి వెళ్ళాను. ఒక్కరూ నన్ను చూడలేదు. అందరూ బంతినే చూస్తున్నారు. నలుగురిలో ఉండి కూడా ఎవరి కంటా పడకుండా ఉండొచ్చని నాకిన్నాళ్ళూ తెలియదు. వంటామె నా చేతులు తిప్పి చూసి, దుప్పట్లు పిండిన చేతులే పిల్లా, కొట్టు అంది. కొట్టాను. బంతి వల దాటింది, గోడ దాటింది, టైమాఫీసు కిటికీలో దూరింది. ఆ అద్దం పగలగొట్టింది నేనేనండి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైకి వినపడేట్టు నవ్వి ఎన్నాళ్ళయిందో.

చిక్కేమిటంటే, ఇప్పుడు ఆయన ఇంటికొచ్చేసరికి నేనుండటం లేదు. ఎక్కడికెళ్ళావంటే కుళాయికి అన్నాను. మూడో రోజూ కుళాయే అనేసరికి, ఆయన వెళ్ళి కుళాయిని చూసొచ్చారు. నీళ్ళు బాగానే వస్తున్నాయే అన్నారు. నేను అడిగిన నాలుగు మాటలు నాకింకా దక్కలేదు.

ఇట్లు,
చివరి ఇంటి అమ్మాయి

తా.క. రాజీనామా చెమటకి తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. పోటీ అయ్యాక మళ్ళీ రాస్తాను.
తా.క. సాధన ఇంకో అరగంట పెంచడం కుదురుతుందా?

* * *

అమ్మాయికి ఆశీస్సులు.

అరగంట పెంచాను. ఆదివారం ప్యాకింగు విభాగం ఆడవాళ్ళతో మీ పోటీ. ఊరికే ఉంచిన సరుకు తుప్పు పడుతుంది కనుక మీవారికీ ఒక పని చూపించాను. ఆరోజు గీత దగ్గర జెండా పట్టుకుని, బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పేది ఆయనే. ఎవరి ఆటకని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

బాబాయి

తా.క. భయం లేదు, మీవారి చూపు గట్టిది. లేతు మీద వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తారు.

* * *

బాబాయిగారికి,

మీరు బహుమతుల బీరువా తాళంచెవి వెతుకుతూ స్టోర్సులోనే ఉండిపోయారట. అందుకని జరిగింది రాస్తున్నాను.

ఆయన నన్ను చూశారు. జెండా చేతిలోంచి జారింది. తీసుకుని మళ్ళీ చూశారు. ఆట చివరిదాకా సమానంగా నడిచింది. అప్పుడు నేను కొట్టిన బంతి గీతకి జానెడు లోపల పడింది. ఆయన బయట అన్నారు. నాకేమైందో తెలియదు. లోపలే పడింది, కళ్ళు పెట్టుకు చూడండి అని అరిచాను. మైదానమంతా నాకేసి తిరిగింది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లోపలే. ఆయన మళ్ళీ బయటే అన్నారు. నేను వల కిందనుంచి దూరి వెళ్ళి, బంతి పడిన గుంట వేలితో చూపించి, ఇదేమిటో చెప్పమన్నాను. వంటామె నన్ను నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఓడిపోయాం.

ఇంటిదాకా దెబ్బలాడుకుంటూనే నడిచాం. ఇంట్లోనూ అదే. పొయ్యి మీద కూర మాడింది, ఇద్దరం లేవలేదు. కుళాయి, మేస్త్రీ, మీ పెట్టె, అన్నీ బయటికొచ్చాయి. అంత పొద్దుపోయేదాకా ఎందుకు ఆడేవారని అడిగాను. ఇంటికొస్తే నువ్వు తలెత్తవు, నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నానన్నారు. ఏడు నెలల మాటలూ ఒక్క పూటలో అయిపోయాయి.

ఆఖరున, నిజం చెప్పండి, బంతి ఎక్కడ పడిందన్నాను.

"లోపలే. మొదటిసారి నిన్ను చూస్తూ బంతిని చూడలేదు."

"మరి రెండోసారి?"

"నీకంత గొంతుందని నాకు తెలియదు. ఇంకోసారి విందామని."

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. రాజీనామా రాయను. ఆయనకి చోటు మీరే ఎక్కడో చూడండి. గీత దగ్గర మాత్రం వద్దు.
తా.క. రెండోసారి సంగతి వంటామెకి తెలియనివ్వకండి. ఆయన మధ్యాహ్నం భోజనం ఆమె వడ్డిస్తేనే.