చప్పుడు లేని కెమెరా

ఏవండీ,

మీరు పోయాక మీ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతోనే పెళ్లిళ్లు తీస్తూ వచ్చాను. ఆ బరువుకి మెడ నొప్పెడుతోందని ఈమధ్య మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. చేతిసంచిలో పట్టేస్తుంది. వెలుతురు తక్కువున్నా మీదానికన్నా బాగా తీస్తుంది. నొక్కితే చప్పుడే రాదు.

నిన్న రాజోలు చర్చిలో పెళ్లి. ప్రార్థన జరుగుతుంటే మీరు కెమెరా ముట్టేవారు కాదు, పాట ఎత్తుకునేదాకా ఆగేవారు. పాస్టరుగారు నా దగ్గరికొచ్చి, "మొదట్లో ఆయన కెమెరా టప్పుమంటే నాకు వాక్యం తప్పిపోయేదమ్మా, అందుకే పాటదాకా ఆగమన్నాను. ఇది మోగదంట కదా, ప్రార్థనలోనే తీసేసుకోండి" అని నవ్వేరు.

"ఆయ్" అన్నాను.

అందరూ కళ్లు మూసుకున్నారు. పెళ్లికూతురి ముఖం మీద కిటికీ వెలుగు పడింది. కెమెరా ఎత్తి పట్టుకున్నాను గానీ నొక్కలేకపోయాను. పాట మొదలయ్యాకే నొక్కాను.

నొక్కి, ఆ పాటలో మీ కెమెరా టప్పు కోసం చెవొగ్గాను.