అవ్వ వడికిన కొలత దారం

తాండూరు, శుక్రవారం

శివయ్యన్నకు నర్సప్ప దండాలు. కొత్తింటి కిటికీల ఫికరు వదిలెయ్యి, పని కుదిరింది.

అవ్వ వడికిన ఉన్ని దారానికి నువ్వు ముడులేసి పంపిన కొలతతో ఇద్దరు వడ్రంగులను అడిగాను. ఇద్దరూ కొండెక్కిన ధరలే చెప్పారు. నిన్న వానలో తడుస్తూ ఖాజా మియా దుకాణానికి పోతే, అదే దారం కొలిచి బాగా తక్కువ చెప్పాడు. సంతోషంతో బయానా డబ్బులు తీయబోయాను. ఆయన దారాన్ని వేళ్లతో పిండితే నీళ్లు కారాయి. "తమ్మీ, గీ ఉన్ని తడిసి గుంజుకపోయింది. గీ కొలతకు కోస్తే మీ కిటికీల పిల్లి గూడ దూరది" అని నవ్వాడు. చెక్క కోయకముందే చూశాడు, బతికిపోయాం. సరైన కొలతకైనా ఆయన ధరే నయం. వేపచెక్క, ఇనుప సలాకలు.

ఈసారి వెదురు కర్రతో కొలిచి, గాట్లు పెట్టి, సోమవారం కొడంగల్ బస్సులో పంపు. నల్ల గొర్రె ఈనిందా? వదినకు జ్వరం తగ్గిందా?

"రాతిగోడల ఎనక నా గొర్రెల అరుపు ఇనబడది, నేను రాను" అని అవ్వ ఇంకా మొండికేస్తోందా? ఆమె మంచం పక్కన, మందవైపు నువ్వు గోడలో కిందికి జాగా వదిలిన కిటికీకి సలాకల మధ్య సందు ఎంత పెట్టాలని మియా అడిగాడు. మా అవ్వ చెయ్యి బయటికి పోవాలి, గొర్రెపిల్లను నిమరాలి అన్నాను.

వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు. అవ్వ చెయ్యి కొలవడం మరువకు.

నర్సప్ప