రెక్కల మొసలి ఎవరికి చెందాలి?

టీవీ స్టూడియోలో ముప్పై ఒక్క ఏళ్లు దర్జీగా పనిచేసి రిటైరైన నేను, వయస్సు డెబ్బై నాలుగు, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నా మతి మీద అనుమానం ఉన్నవారు మా డాక్టరును అడగవచ్చు. అయితే నేను గదిలోకి వెళ్లగానే "మొసలమ్మగారూ, ఒక్కసారి గర్జించరూ!" అని బతిమాలేది ఆయనే. ముందు ఆయన మతి చూపించుకోవాలి.

1. నా ఇల్లు, బ్యాంకులో ఉన్నది నా తదనంతరం మా అక్క కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా దానిదే.

2. మా తమ్ముడికి వాడి పెళ్లి క్యాసెట్టు. మా స్టూడియో తీసిన పిల్లల సీరియల్ "ఏడో గోడ అవతల" ఆఖరి భాగం ప్రత్యక్ష ప్రసారం కనుక స్టూడియోలో టేపు లేదు. అమ్మ ఇంట్లో రికార్డు చేసిందే లోకానికంతా ఒక్క కాపీ. వీడు దానిమీద తన పెళ్లి ఎక్కించి, "ఖాళీదనుకున్నానక్కా" అన్నాడు. పైన "ముట్టుకుంటే చస్తావ్" అని నా చేత్తో రాసి ఉంది. మరదలు మంచిది కాబట్టి క్షమించాను.

3. ఆ భాగంలో ఏం జరిగిందని అభిమానులు ముప్పై తొమ్మిదేళ్లుగా జుట్లు పట్టుకుంటున్నారు. (ఇప్పుడు చాలామందికి జుట్టు లేదు.) కనుక ఉన్నదున్నట్టు నమోదు చేస్తున్నాను. రెక్కల మొసలిని కుట్టింది నేను. లోపలి ఉక్కకు నటుడు మూడో రోజే పారిపోతే, నన్నే దూర్చారు. ఆఖరిన రాకుమారుడి కత్తికి మొసలి చావాలి. ఆ వారమే ఒక ఏడేళ్ల పిల్ల ఉత్తరం రాసింది: "దాన్ని చంపకండి. దానికి అమ్మ కూడా లేదు." కత్తి దిగింది, పడ్డాను. పడుకుని ఉండలేకపోయాను. లేచి, కత్తి నోట కరచుకుని, కోట గుమ్మం దాటి వెళ్లిపోయాను. "పడుకోవే! చచ్చావు నువ్వు!" అని డైరెక్టరు చేతులూపుతూనే ఉన్నాడు. నెల రోజులు సస్పెండు చేశారు. గోతాలకొద్దీ ఉత్తరాలు వచ్చాక, అది తన ఆలోచనేనని ఆయన పత్రికలకు చెప్పుకున్నాడు. ఆయనకేమీ రాయడం లేదు.

4. అభిమాన సంఘం అధ్యక్షుడికి మిగిలిన గజం ఆకుపచ్చ సోఫా గుడ్డ. మొసలి ఆకుపచ్చదనంలోని అంతరార్థం గురించి నలభై పేజీలు రాశాడు, పాపం. నాయనా, ఆ రోజు కొట్లో వేరే రంగు లేదు.

5. మొసలి మాత్రం పళ్ల డాక్టరమ్మకు. పోయినేడు అభిమానుల సభలో అట్ట కిరీటాల మధ్య వరుసలో నిలబడి, "ఆ ఉత్తరం నాదేనండీ. చచ్చిపోతుందని భయమేసి, ఆ రోజు టీవీ కట్టేశాను. తర్వాత ఎవర్నీ అడగలేదు" అంది. నలభై అయిదేళ్ల మనిషి! జరిగింది చెప్పాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెనక వరుసంతా గొణుక్కుంది.

షరతు: మొసలిని అద్దాల బీరువాలో పెట్టరాదు. ఆమె క్లినిక్కులో ఉంచవలెను. పంటినొప్పితో వచ్చిన పిల్లలు అందులో దూరి ఎవరికీ కనబడకుండా ఏడ్చుకోవచ్చు. లోపల ఉక్కే, కానీ ధైర్యంగా ఉంటుంది.

తేదీ: మార్చి పద్దెనిమిది, మంగళవారం

సంతకం: మొసలమ్మ

సాక్షులు:
1. ఎదురింటి పోస్టుమాస్టరు (రెండుసార్లు చదివారు)
2. మందుల షాపు యజమాని (చదవలేదు, తోక పట్టుకుని చూశాడు)