సముద్రం ఒడ్డు వద్దన్నాను

తాండూరు, 1962 మాఘమాసం, ఆదివారం రాత్రి

పొద్దున ప్రయాణానికని కందులకు ఎర్రమన్ను పట్టించి వాకిట్లో నాపరాళ్ల మీద ఎండబోస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఆఫ్రికాలో రైల్వే కొలువు ఆయనది. ఈసారి నన్నూ పాపనూ వెంట తీసుకుపోతున్నారు.

"మొంబాసల ఉందమా, నైరోబీల ఉందమా? నువ్వే చెప్పు. మొంబాసల ఇంటి ముంగటనే సముద్రం. నైరోబీ అయితె పెద్ద పట్నం."

నేనింతవరకు సముద్రం చూడలేదు. మొంబాసా అనే మాట నోటిదాకా వచ్చింది. అంతలో పాప అడిగింది.

"నాయినా, గా ఒడ్డు మీద నిలవడితె మన తాండూరు కనవడ్తదా?"

"గంత దూరం కనవడదు బిడ్డా. కని గా నీళ్లకు అవుతలనే ఉంటది."

నా చేయి కందుల్లోనే ఆగిపోయింది.

"నైరోబీలనే ఉందం," అన్నాను. "సముద్రం గాలికి పప్పు బూజు పడ్తది."

"గీ పప్పు ఫికరేంది నీకు!" అని ఆయన పగలబడి నవ్వారు. గడప మీద కూర్చుని వింటున్న అత్తమ్మ నవ్వలేదు. లోపలికి పోయి ఇంకో చేటెడు కందులు తెచ్చి నా ముందు పోసింది.

పప్పుదేముంది, ఎక్కడైనా ఎండబెట్టుకుంటాను. తలుపు తీయగానే ఎదురుగా నీళ్లు, ఆ నీళ్లకవతల మా ఊరు. అటే చూస్తూ నిలబడిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?